దాక్కుంది, పోలేదు: బఠానీ గింజల నుంచి సికిల్ సెల్ దాకా

"మా వంశంలో ఎవరికీ లేదు, ఈ పిల్లాడికి ఎక్కడి నుంచి వచ్చింది?" పుట్టుకతో వచ్చే జబ్బు ఏదైనా బయటపడితే మన ఇళ్లలో ముందు వినిపించే మాట ఇదే. ఆ వెంటనే అందరి చూపూ కోడలి వైపు తిరుగుతుంది. ఈ ప్రశ్నకి సరైన జవాబు దొరకడానికి సైన్స్‌కి చాలా ఏళ్లు పట్టింది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

1850ల్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో బ్రనో అనే ఊరు. ఇప్పుడది చెక్ రిపబ్లిక్‌లో ఉంది. అక్కడి మఠంలో గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి బఠానీ మొక్కలు పెంచేవాడు. అమ్మ లక్షణం, నాన్న లక్షణం పాలూ డికాషన్‌లా కలిసిపోతాయని అప్పట్లో చాలామంది నమ్మకం. ఒకసారి కలిశాక విడదీయడం కుదరదు కదా!

మెండెల్ గుండ్రటి గింజల రకాన్నీ, ముడతల గింజల రకాన్నీ కలిపాడు. వచ్చిన గింజలన్నీ గుండ్రటివే. ముడత పోయిందనే అనుకుంటాం. కానీ ఆయన ఆ గింజల్నే మళ్లీ నాటి, వాటి పువ్వుల్ని వాటి పుప్పొడితోనే కాయనిచ్చాడు. ఈసారి 7,324 గింజలు లెక్కపెడితే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. ఇంచుమించు మూడుకి ఒకటి. అంటే ముడత ఎక్కడికీ పోలేదు, ఒక తరం పాటు దాక్కుంది, అంతే.

ఎలా దాక్కుంది? ప్రతి లక్షణానికీ మొక్కలో రెండు కాపీలుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. గుండ్రటి కాపీ ఒక్కటున్నా గింజ గుండ్రంగానే కనిపిస్తుంది. దీన్ని డామినెంట్ అంటారు. ముడత బయటపడాలంటే రెండు కాపీలూ ముడతవే కావాలి. ఇది రెసెసివ్. పిల్లలకి ఇచ్చేటప్పుడు రెండింట్లో ఏదో ఒకటే వెళ్తుంది. ఏది వెళ్తుందనేది నాణెం ఎగరేసినట్టే.

మెండెల్ ఇదంతా 1865లో ఒక సభలో చదివాడు, 1866లో అచ్చు వేయించాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1884లో ఆయన చనిపోయాడు. 1900లో వేరే శాస్త్రవేత్తలకి అవే లెక్కలు వచ్చాకే ప్రపంచం ఆ పేపర్ వైపు తిరిగి చూసింది.

ఇప్పుడు బఠానీ నుంచి మనుషుల దగ్గరికి వద్దాం. గ్రెనడా దీవి నుంచి షికాగోకి డెంటిస్ట్ చదువు కోసం వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే కుర్రాడు 1904లో ఆస్పత్రిలో చేరాడు. అతని రక్తంలో కొన్ని కణాలు కొడవలి ఆకారంలో ఉన్నాయి. 1910లో డాక్టర్ జేమ్స్ హెరిక్ ఈ కేసు గురించి రాశాడు. అదే సికిల్ సెల్ ఎనీమియా. ఆ కణాలు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుపోతాయి, విపరీతమైన నొప్పి వస్తుంది.

ఈ జబ్బు ఎలా వస్తుందనేది తేలింది 1949లో. జేమ్స్ నీల్ అనే శాస్త్రవేత్త రోగుల్నే కాదు, ఆరోగ్యంగా తిరుగుతున్న వాళ్ల అమ్మానాన్నల్ని కూడా పరీక్షించాడు. ఆ లక్షణం ఇద్దరి రక్తంలోనూ ఉంది! ఇద్దరూ ఒక్కో కాపీ మోస్తున్నారు. వీళ్లనే క్యారియర్లు అంటాం. తర్వాత 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ అసలు తేడా పట్టుకున్నాడు. హిమోగ్లోబిన్‌లో 146 అమైనో ఆసిడ్‌ల గొలుసు ఒకటుంది. అందులో 6వ స్థానంలో ఒక్కటి మారింది. నాలాంటి కోడింగ్ వాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. ఒక్క అక్షరం తప్పుపడితే చాలు, ప్రోగ్రాం మొత్తం పడిపోతుంది.

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం, రెండూ మామూలు కాపీలే వచ్చే అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డకి వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురూ సేఫ్" అనుకోకండి. నాణేనికి పాత లెక్క గుర్తుండదు. ఇంకో విషయం, జబ్బు రావాలంటే తండ్రి కాపీ కూడా కావాలి. కాబట్టి కోడలి ఒక్కదాని మీద నింద వేయడం లెక్క ప్రకారమే తప్పు.

మేనరికాల్లో ఈ లెక్క ఇంకా ముఖ్యం. బావామరదళ్లు సగటున ఎనిమిదో వంతు జీన్లు పంచుకుంటారు, మేనమామ మేనకోడళ్లయితే నాలుగో వంతు. దాక్కున్న కాపీ ఒకటే ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం అందుకే పెరుగుతుంది.

సికిల్ సెల్ మనకి దూరం విషయం కాదు. 1952లో నీలగిరి గిరిజనుల్లో దీన్ని గుర్తించారు. ఒక్క కాపీ ఉన్నవాళ్లకి ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. మలేరియా ఎక్కువున్న చోట్ల ఈ కాపీ తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం ఇదే. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. పరీక్ష చేసి కార్డు ఇస్తారు.

ఆ కార్డు మీద క్యారియర్ అని ఉంటే కంగారు పడకండి. క్యారియర్ అంటే రోగి కాదు, పెళ్లికి పనికిరాని మనిషి అంతకన్నా కాదు. అవతలి వాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి, అంతే. ఇద్దరూ క్యారియర్లైతే పిల్లల్ని ప్లాన్ చేసుకునే ముందు డాక్టర్‌తో మాట్లాడండి. జాతకాలు చూడటానికి వారం పడుతుంది, ఈ రక్త పరీక్షకి కొన్ని చుక్కలు చాలు.