మణికట్టు గాయాల నిర్ధారణ చరిత్ర: గుంటూరు, ప్రకాశం మైదానాల నేపథ్యం

పత్తి తీతకు, మిరప కోతకు మణికట్టే ఆధారం. గుంటూరు, ప్రకాశం జిల్లాల వ్యవసాయ కూలీకి అది సరిగా వంగకపోతే కూలి దక్కదు. అందువల్ల మణికట్టు గాయాన్ని గుర్తించడంలో జరిగే పొరపాటు జీవనోపాధి సమస్య కూడా.

1814లో ఐర్లండు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్, మణికట్టు సమీపంలో ముంజేతి ఎముక విరిగే తీరును వర్ణించాడు. నాటికి చూపు, స్పర్శలే సాధనాలు. ఆ విరుపులో చేతి వంకర పైకి కనిపిస్తుంది. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల స్థితి వేరు. అవి విరిగినా, తొలగినా వాపు మాటున దాగి బెణుకుగా భ్రమింపజేస్తాయి. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న తరువాతనే ఆ గాయాలను విడివిడిగా గుర్తించే వీలు కలిగింది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి 1898లో ప్రారంభమైంది. అప్పటికి ఆ ఆవిష్కరణ ఇంకా కొత్తదే.

ఎక్స్-రే వచ్చినా పొరపాట్లు ఆగలేదు. లూనేట్ ఎముక తొలగినపుడు ముందువైపు చిత్రంలో ఆ మార్పు స్పష్టపడకపోవచ్చు. పక్కవైపు చిత్రం తప్పనిసరి. 1993లో హెర్జ్‌బెర్గ్ బృందం పరిశీలించిన 166 కేసుల్లో, లూనేట్ చుట్టూ జరిగిన తొలగింపులు 25 శాతం మేర మొదట గుర్తింపునకు రాలేదు. స్కాఫాయిడ్ విరుపు సైతం తొలి చిత్రంలో కనిపించకపోవచ్చు. కనుక కిందపడి మణికట్టు వాచిన కూలీని బెణుకని పంపివేయక, అనుమానం తీరే వరకు మళ్ళీ పరీక్షించవలసి ఉన్నదని ఈ చరిత్ర సూచిస్తున్నది.