ఓడ మీది టెలివిజన్ ఏరియల్

ఇంటి డాబా మీద టెలివిజన్ ఏరియల్ నిలుపుట ఒక పూట పని. ప్రసార కేంద్రమున్న దిక్కునకు దానిని త్రిప్పి, బొమ్మ నిలిచిన చోట మర బిగించిన చాలును. మరల గాలివాన వచ్చువరకు దాని జోలికి పోనక్కరలేదు. 1980 ప్రాంతమున తెలుగునాట ఒకరు డాబా మీద గొట్టమును త్రిప్పుచుండగా, "వచ్చింది, వచ్చింది, అక్కడే ఉంచు" అని మరియొకరు క్రిందినుండి కేకవేయుట పెద్దలెల్లరు ఎరుగుదురు. ఓడపై ఈ పద్ధతి సాగదు. లంగరు వేసిన పడవ సయితము గాలికిని, ఆటుపోటులకును తన గొలుసు చుట్టు తిరుగుచుండును. ఇక నడచుచున్న ఓడ సంగతి చెప్పనేల? మర ఏ దిక్కున బిగింపవలెను?

ఈ ప్రశ్న చరిత్రలో ఒక వింత కలదు. టెలివిజన్ పుట్టిన రెండేండ్లకే నడిసముద్రములో బొమ్మ కనబడినది. టెలివిజన్ మెరుగుపడిన పిమ్మట ఆ బొమ్మ నడిసముద్రమునకు అందకుండ పోయినది. మరల అచ్చటికి చేరుటకు దశాబ్దములు పట్టినది.

మొదట ఓడకు ఏరియల్ వచ్చిన విధము చూతము. 1897 జులైలో మార్కోనీ ఇటలీలోని స్పెజియా రేవునందు శాన్ మార్టినో అను యుద్ధనౌకతో ప్రయోగములు చేసెను. ఓడ స్తంభము నుండి ఒక తీగను నిలువుగా వ్రేలాడదీయుటయే ఏరియల్. సుమారు 18 కిలోమీటర్ల వరకు సంకేతములు అందెను. మరుసటి యేడు ఐర్లండులోని కింగ్స్‌టౌన్ వద్ద పడవపందెములు జరుగుచుండగా, ఫ్లయింగ్ హంట్రెస్ అను చిన్న ఆవిరిపడవ నుండి ఆ వార్తలను తీరమునకు పంపి, డబ్లిన్ పత్రికకు అందజేసెను. ఆ ఆగస్టులోనే విక్టోరియా రాణి కుమారుడు మోకాలి దెబ్బతో ఆస్బోర్న్ అను ఓడలో విశ్రమించుచుండగా, ఆయన ఆరోగ్యమును గూర్చిన వార్తలు తీరమునందున్న తల్లికి ఇట్లే చేరుచుండెను. 16 రోజులలో సుమారు 150 వార్తలు నడచినవి.

ఇవి గొప్పవారి ముచ్చటలు. అసలు అవసరము గుడ్విన్ ఇసుకతిన్నెల వద్ద తేలినది. ఇంగ్లండు ఆగ్నేయ తీరమున ఎన్నో ఓడలను మ్రింగిన తిన్నెలవి. వాటి చెంత హెచ్చరికగా ఒక దీపపు ఓడ లంగరు వేసి యుండెడిది. ప్రమాదము కనబడిన ఫిరంగి ప్రేల్చుట, అవ్వాయి వేయుట తప్ప దానికి వేరు భాష లేదు. 1898 డిసెంబరులో మార్కోనీ దానికి ఏరియల్ అమర్చి, సుమారు 19 కిలోమీటర్ల దూరమునందున్న సౌత్ ఫోర్‌లండ్ దీపస్తంభముతో కలిపెను. 1899లో మంచుతెరలో ఒక ఆవిరి ఓడ వచ్చి ఆ దీపపు ఓడనే ఢీకొట్టినది. లోనివారు నిస్తంత్రి ద్వారా తీరమునకు తెలుపగా సహాయము వచ్చెను.

ఈ నిలువు తీగకు ఓడ ఎటు తిరిగినను ఒకటే. అది తన చుట్టునున్న అన్ని దిక్కులను సమానముగా చూచును. ఓడ 20 డిగ్రీలు ప్రక్కకు ఒరిగినదనుకొందము. 20 డిగ్రీల కొసైను విలువ 0.94, అనగా అందు వోల్టేజిలో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే తగ్గును. మార్కోనీ మరియొక సంగతి గమనించెను: తీగ ఎత్తు రెట్టింపయిన, వార్త చేరు దూరము సుమారు నాలుగు రెట్లగును. ఓడలకు ఎత్తయిన స్తంభములు ముందే ఉన్నవి కావున, ఇది వారికి చేతికందిన వరము. ఈ సూత్రమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. టెలివిజన్ వచ్చిన పిమ్మట ఇది తలక్రిందులగును.

1926 జనవరిలో జాన్ లోగీ బెయిర్డు లండనులో టెలివిజన్‌ను ప్రదర్శించెను. 1928 ఫిబ్రవరిలో లండను నుండి మనుష్యుల ముఖములను అట్లాంటిక్ మీదుగా న్యూయార్కు చెంతకు పంపెను. ఆ పని ముగించుకొని ఆయన బృందమువారు మార్చిలో బెరెంగేరియా అను పెద్ద ప్రయాణికుల ఓడలో తిరిగి వచ్చుచు, తమ గ్రాహకయంత్రమును ఓడలోనే నిలిపిరి. ఓడ అట్లాంటిక్ నడుమ నుండగా, లండనులో యంత్రము ముందు కూర్చున్న వారి ముఖములు ఓడలోని చిన్న తెరపై కనబడినవి. వారిలో ఒకతె ఆ ఓడ ప్రధాన నిస్తంత్రీ అధికారికి నిశ్చితార్థమైన వధువు. ఆయన ఆమెను గుర్తుపట్టెను. సముద్రమునందున్న మనిషి తీరమునందున్న మనిషిని తెరపై చూచుట అదియే మొదలు. మసక బొమ్మయే కావచ్చును. కాని అంతకుముందు ఏ నావికునికి అంత భాగ్యము కలిగినది?

దానిని మోసినది ఎత్తయిన గోపురము కాదు, ప్రత్యేకమైన ఏరియల్ కాదు. దాదాపు 45 మీటర్ల తరంగదైర్ఘ్యముగల సామాన్య హ్రస్వతరంగము. అట్టి తరంగములు పైకి పోయి, అయనావరణమను విద్యుదావేశ పొర వద్ద వంగి, మరల భూమికి దిగును. భూమి గుండ్రదనము వాటికి అడ్డు కాదు. మరి తరువాతి టెలివిజన్ ఈ మార్గమును ఏల విడిచినది? చిన్న లెక్క చేసి చూడవచ్చును. తరగతిలో పిల్లలచేత చేయింపదగినది.

1929 నుండి బి.బి.సి. ద్వారా ప్రసారమైన బెయిర్డు బొమ్మలో 30 నిలువు గీతలు, ఒక్కొక్క గీతలో సుమారు 70 చుక్కలు. మొత్తము 2,100 చుక్కలు. సెకనుకు పన్నెండున్నర బొమ్మలు. అనగా సెకనుకు 26,250 చుక్కలు. ఒక నలుపు, ఒక తెలుపు కలిసి ఒక కంపనమగును గనుక, అందులో సగము: సుమారు 13 వేల కంపనములు. ఇది పాట, మాట పట్టు స్థలమే. 1936 నవంబరులో లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి మొదలయిన ప్రసారములలో, త్వరలోనే స్థిరపడిన పద్ధతికి 405 గీతలు. సెకనుకు 25 బొమ్మలు. బొమ్మ వెడల్పు ఎత్తు కంటె కొంచెము ఎక్కువ. ఇదే విధముగ గుణించిన సుమారు 25 లక్షల కంపనములు వచ్చును. మునుపటికి దాదాపు 200 రెట్లు!

45 మీటర్ల తరంగము సెకనుకు 67 లక్షల సారులే కంపించును. దానిపై 25 లక్షల కంపనముల బరువెత్తిన, హ్రస్వతరంగ పథములోని నూర్ల కొలది కేంద్రముల చోటును ఒక్క బొమ్మయే ఆక్రమించును. అందుచేత వాహక తరంగమును సెకనుకు 4.5 కోట్ల కంపనములకు ఎత్తిరి. అంత వేగముగ కంపించు తరంగమును అయనావరణము సాధారణముగ వెనుకకు పంపదు. అది చీల్చుకొని ఆకాశమునకు పోవును. స్పష్టమైన బొమ్మకు ఓడ చెల్లించిన వెల ఇదియే. ఏరియల్‌ను ఎంత మంచిదిగా చేసినను ఈ నష్టము పూడదు. రాని తరంగమును ఏ ఏరియల్ పట్టగలదు?

ఇక మిగిలినది క్షితిజరేఖ వరకు చూపు. ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.12 చే గుణించిన, వాతావరణము కలిగించు కొద్దిపాటి వంపుతో సహా, దూరము కిలోమీటర్లలో వచ్చును. అలెగ్జాండ్రా ప్యాలెస్ ఏరియల్ సముద్రమట్టమునకు సుమారు 180 మీటర్ల ఎత్తున నుండెను: 55 కిలోమీటర్లు. పడవ స్తంభము 10 మీటర్లయిన మరి 13. రెండును కలిసి 68. ఆపైన బొమ్మ సన్నగిల్లును. ఇచ్చట నాలుగు రెట్లు ఎత్తు పెంచిన గాని దూరము రెట్టింపు కాదు; మార్కోనీ కాలపు సూత్రము తిరగబడినది. 10 మీటర్ల స్తంభమును 12 మీటర్లు చేసిన లాభము ఒకటింపావు కిలోమీటరే. చిన్న పడవకు అంత బరువు శిఖరమున ఎక్కించుటకంటె, ఉన్న ఎత్తుతో తృప్తిపడుటయే మేలని నా అభిప్రాయము.

తీరము వెంట తిరుగు చిన్న పడవలవారికి ఇట్లు రెండు దారులు కలవు. మన డాబాలపై కనబడిన చేపముల్లు వంటి ఏరియల్ జపానులో 1926లో ఉడా, యాగీ అను ఇంజనీర్లు రూపొందించినది. ఇది బ్యాటరీ లైటు వంటిది: ఒక దిక్కుననే దూరము చూచును. పుల్లలు పెరిగిన కొలది చూపు దూరమగును, సన్నబడును. రెండవది బుడ్డిదీపము వంటిది: రెండు కడ్డీలను అడ్డముగా, శిలువవలె కలిపి, పళ్ళెపు డొక్కులో దాచిన గుండ్రని ఏరియల్. అది అన్ని దిక్కుల చూచును కాని, బలహీనముగ చూచును. దానికి ఆంప్లిఫయరును స్తంభము కొనయందే పెట్టవలెను. కేబులులో పోయిన సంకేతమును క్రింద పెంచబోయిన గరగర కూడ పెరుగును. పైగా ఓడ తాళ్ళలోని ఇనుప తీగలు తరంగములను త్రిప్పికొట్టగా, పాత పద్ధతి బొమ్మలో ఒక మనిషి ప్రక్కన దయ్యమువలె మరియొక మనిషి కనబడెడివాడు. బ్రిటనులో మరియొక చిక్కు: పెద్ద కేంద్రములు చాలవరకు అడ్డపు తరంగములను, చిన్నవి పెక్కు నిలువు తరంగములను పంపును. ఒక రేవులో అడ్డముగా నుంచిన చేపముల్లును మరుసటి రేవులో నిలువుగా త్రిప్పవలసి వచ్చును.

యంత్రమును ఎన్నుకొనుటలోను ఓడకు ప్రత్యేకమైన జాగ్రత్త కలదు. లౌడ్‌స్పీకరులోని అయస్కాంతము దిక్సూచిని తప్పుదారి పట్టించును; కావున దానికి దూరముగ నుంచవలెను. పాత గాజుగొట్టపు రంగుల యంత్రములైతే, ఓడ దిక్కు మారినపుడు భూమి అయస్కాంతమునకు లోబడి తామే రంగులు మార్చెడివి.

నడిసముద్రమునకు బొమ్మ మరల ఆకాశము నుండియే దిగవలసి వచ్చెను. 1975 ఆగస్టు నుండి ఒక యేడాది మన దేశమున ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రముల 2,400 గ్రామములకు ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహము నుండి కార్యక్రమములు అందినవి. గ్రామములో 3 మీటర్ల జాలీ పళ్ళెము నేలలో పాతి, ఒకసారి గురి చూచిన చాలును. నేల కదలదు. 1976లో మారిశాట్ ఉపగ్రహములు ఓడలకు టెలిఫోను సౌకర్యము కలిగించినపుడు మాత్రము పళ్ళెమును గుమ్మటములో నుంచి, గైరోస్కోపులతోను, మోటార్లతోను నిలుకడగ నిలుపవలసి వచ్చెను. తరువాతి టెలివిజన్ పళ్ళెములకు గురి మరింత కఠినము. 60 సెంటీమీటర్ల పళ్ళెము, రెండున్నర సెంటీమీటర్ల తరంగము: దాని చూపు వెడల్పు మూడు డిగ్రీలకు మించదు. ఓడ యేమో 20 డిగ్రీలు ఊగును. కనుక ఓడ ఎడమకు ఒరిగిన క్షణముననే పళ్ళెము కుడికి ఒరగవలెను. ఓడ తిరిగిన, అది ఎదురు తిరుగవలెను. మర బిగించుటకు బదులు, బిగింపక నిరంతరము త్రిప్పుచుండుటయే ఇచ్చటి ఉపాయము.

అయినను ఓడ పొగగొట్టము అడ్డువచ్చు దిక్కు ఒకటి ఎప్పుడును ఉండును. అందుచేతనే పెద్ద ఓడలపై రెండు తెల్లని గుమ్మటములు అటొకటి, ఇటొకటి కనబడుట కలదు. ఒకదానికి చాటయిన ఉపగ్రహము రెండవదానికి కనబడును.