ఇనుప తలుపు మీది రెండు వరుసలు

మన ఆటోనగర్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సు పని ఎప్పుడు మొదలైందన్న తగువు ఇన్నాళ్ళూ టీ కొట్టు దగ్గరే ఉండేది. ఈమధ్య అచ్చులోకి ఎక్కింది. 2014లో సెలెరియో కారు వచ్చేదాకా బెజవాడలో ఆ పెట్టె విప్పినవాడే లేడని, ఆ విద్య మద్రాసు నుంచి అరువు తెచ్చుకున్నదని ఒక సావనీరులో వ్యాసం రాసినాయన తేల్చేశాడు. ఆయన పటమట మనిషే. గేటు దాటి లోపలికి ఎన్నిసార్లు వచ్చాడో మాత్రం నాకు అనుమానం. ‘ఆటోనగర్ సూర్య’ సినిమా కూడా ఆ ఏడాదే వచ్చింది మరి, మన చరిత్రంతా అప్పుడే మొదలైందనుకున్నాడేమో.

దీనికి జవాబు రాసి ఉన్న తలుపు రేపో మాపో తుక్కులోకి పోబోతోంది. అందుకే నాకీ తొందర. లారీ బాడీలు కట్టే పెద్ద షెడ్డు పక్క సందులో ఉన్న చిన్న షెడ్డు మీకు తెలిసిందే. వారసులు అమ్మేశారు. రేకులు దించేశారు. ఇనుప తలుపొకటి మిగిలింది. దాని లోపలివైపు తెల్ల పెయింటుతో, వంకర అక్షరాలతో రెండు వరుసలున్నాయి:

“ఆటో గేరు ఆయిలు ఇంజను ఆన్‌లో, ఎన్‌లో చూడవలెను.
తెల్లపొగ వస్తే ముందు సన్న పైపు పీకి చూడు.”

సంతకం లేదు, తేదీ లేదు. సావనీరాయన ఈ తలుపు చూశాడు, చూడలేదని నేననను. మొదటి వరుసను సెలెరియోకి అంటగట్టాడు. రెండోది సైలెన్సర్ సంగతనీ, ఎవరో ఇంజను మెకానిక్ రాసుకున్న గుర్తనీ కొట్టిపారేశాడు.

సెలెరియోలో వచ్చింది ఏఎంటీ. అంటే మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. డ్రైవరు కాలూ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న పంపు, హైడ్రాలిక్ యాక్చుయేటరు చేస్తాయి. నడిపేవాడికి అది ఆటోమేటిక్కే, కాదనను. విప్పేవాడికి కాదు. అందులో టార్క్ కన్వర్టర్ లేదు, ఆయిల్లో మునిగి తిరిగే క్లచ్ ప్లేట్ల దొంతర లేదు, వాల్వ్ బాడీ లేదు. ఇంజను నడుస్తుండగా డిప్‌స్టిక్ లాగి చూడాల్సిన గేరాయిలూ లేదు. అసలు ఇంజను ఆన్‌లో చూడమనడం ఎందుకు? టార్క్ కన్వర్టర్ ఉన్న పెట్టెలో పంపు ఇంజనుతో పాటే తిరుగుతుంది. తిరుగుతున్నప్పుడు ఆయిలు కన్వర్టర్లోకీ దారుల్లోకీ వెళ్ళిపోతుంది. ఇంజను ఆపితే కొంత కిందికి దిగి, లెవెలు ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. అది నమ్మి ఊరుకుంటే ఆయిలు చాలక, డి లోకి వేసినా బండి కాసేపు కదలదు. తర్వాత ఆర్పీఎం లేస్తుంది, స్పీడు లేవదు. ప్లేట్లు జారి కాలిపోతాయి. ఆ మాడు వాసన ఒక్కసారి పీల్చినవాడు మళ్ళీ మర్చిపోడు.

పోనీ పాత హోండాల కోసం రాసిందేమోనని మా వీధిలోనే ఒకరు అడ్డం తగిలారు. అదీ కుదరదు. డిప్‌స్టిక్ ఉన్న హోండా ఆటోమేటిక్‌లకు ఇంజను వేడెక్కాక, ఆపేసి, వెంటనే చూడమంటుంది కంపెనీ. తలుపు చెప్పేది దానికి సరిగ్గా తిరగేసి ఉంది.

ఇక సన్న పైపు. సైలెన్సర్ పైపును ఎవడూ సన్న పైపు అనడు, పీకి చూడమనీ అనడు. ఇది ఇంజను మానిఫోల్డు నుంచి గేర్‌బాక్సు మీది మాడ్యులేటర్‌కి వచ్చే వాక్యూం పైపు. మాడ్యులేటర్ అంటే చిన్న రేకు డబ్బా, లోపల రబ్బరు పొర. ఇంజను మీద ఎంత బరువు పడుతోందో గేర్‌బాక్సు దాన్నిబట్టే తెలుసుకుంటుంది. ఆ పొర చిరిగితే ఇంజను గేరాయిల్ని ఆ పైపులోంచే పీల్చి మండించేస్తుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. కింద చుక్క కారదు, గేరాయిలు మాత్రం తగ్గుతూ పోతుంది. గేరు ఆలస్యంగా, జర్కుతో పడుతుంది. తెలియనివాడు పొగ చూసి పిస్టన్ రింగులు పోయాయని ఇంజను విప్పుతాడు. తెలిసినవాడు బండి కింద దూరి, మాడ్యులేటర్ దగ్గర ఆ రబ్బరు పైపు పీకి, కొసను తెల్లగుడ్డకు అద్దుతాడు. గుడ్డకు ఎర్రగా ఆయిలు అంటిందా, జబ్బు తెలిసిపోయింది. మాడ్యులేటర్ మారిస్తే చాలు, పెట్టె దించే పనే లేదు. ఇంత విద్యను ఏడు మాటల్లో కుర్రాళ్ళ కోసం తలుపు లోపలివైపు రాసిపెట్టినవాడు ఇంజను మెకానిక్కా?

రెండు వరుసలూ కలిపి చదవండి. ఎన్‌లో, అంటే న్యూట్రల్‌లో, ఆయిలు చూడమనే పెట్టె, వాక్యూం మాడ్యులేటర్ ఉన్న పెట్టె. డాడ్జి, ప్లిమత్‌లలో వచ్చిన టార్క్‌ఫ్లైట్‌కి ఎన్‌లోనే చూడాలి గాని మాడ్యులేటర్ లేదు, యాక్సిలరేటర్ లింకేజీతో నడుస్తుంది. నాకు తెలిసిన బళ్ళలో రెండూ కలిసేది షెవర్లే పవర్‌గ్లైడ్‌కే. 1950లో వచ్చింది, ముందుకి రెండే గేర్లు. 1962 నుంచి అల్యూమినియం కేసుతో, మాడ్యులేటర్‌తో వచ్చింది, 1973తో ఆగిపోయింది. చాలా ఇంపాలాల్లో ఉండేది అదే. ఇంపాలా ఎక్కే స్తోమత ఎవరికుండేదో బెజవాడ వాళ్ళకి నేను చెప్పాలా! మారుతీలు రాకముందు నుంచీ మన సందులో ఈ పని తెలిసిన చెయ్యి ఉందని నేననేది ఇందుకే. పెయింటు వెలిసిన తీరు చూసినా నాకలాగే అనిపిస్తుంది. అయితే వాదన నిలబడేది ఆయిలు మీద, పైపు మీద. పెయింటు మీద కాదు.

మన ఆటోనగర్ ‘ఆసియాలోనే పెద్దది’ అని మనవాళ్ళు మీటింగు పెట్టిన ప్రతిసారీ చెప్పుకుంటారు. కొలిచినవాడెవడో నాకింతవరకు తగల్లేదు. ఎకరాల లెక్క చెప్పినంత గట్టిగా పనివాడి లెక్క చెప్పుకోలేదు కాబట్టే, ఈవేళ గేరు జర్కు ఇస్తే చాలు, పెట్టె దించి మద్రాసుకో హైదరాబాదుకో లారీలో వేసేస్తున్నారు. ఒక పెద్ద షెడ్డులో మా బావమరిది బండికి బాక్సు మొత్తం మార్చాలన్నారు. ఇంకోచోట స్కానర్ పెట్టి, పాన్ దించి చూశారు. అయస్కాంతానికి పల్చటి బూడిదరంగు పేస్టు తప్ప లోహపు పెచ్చులేవీ లేవు, ఆయిల్లో మాడు వాసనా లేదు. ఒక సోలినాయిడ్ మారిస్తే సరిపోయింది. కొత్త బళ్ళలో చాలావాటికి డిప్‌స్టిక్కే లేదు, ఆయిలు వేడి చూసుకుని లెవెల్ ప్లగ్గు విప్పాలి. పద్ధతి మారింది గాని ముందు ఆయిలు చూడు, తర్వాతే పెట్టె దించు అన్న వరస మారలేదు.

ఆ తలుపును తుక్కు కొట్టువాడు కేజీల లెక్కన బేరమాడాడని విన్నాను. సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే: అతనిచ్చే రేటు మీరే ఇచ్చి, ఆ తలుపు తెచ్చి ఆఫీసు గోడకు, లోపలివైపు కనబడేట్టు బిగించండి. పాత ఇంపాలాకి మన దగ్గర గేరు పని చేయించిన బిల్లు గాని, ఫొటో గాని ఎవరింట్లోనైనా ఉంటే నాకు చూపించండి. సావనీరాయన దగ్గర 2014 మాటకు ఆధారం ఏదైనా ఉంటే ఆయన్నీ పట్టుకు రమ్మనండి.