తప్పు లైన్‌దా, సర్వర్‌దా? డయల్-అప్ రోజుల చరిత్ర



ఈసారి పోస్ట్ మన పోరాటాల గురించి కాదు, రాజుల గురించి అసలే కాదు. ఇంటర్నెట్ మన దేశంలో ఇళ్ళకు వచ్చిన మొదటి పదేళ్ళలో లైన్ తెగిపోతే జనం ఏం చేసేవాళ్ళు, కంప్లైంట్ ఎవరు వినేవాళ్ళు అనే దాని గురించి. ఇది కూడా ఒక చరిత్రేనా అంటారేమో. స్కాలర్‌షిప్ రెన్యువల్ టైమ్‌లో నెట్ సెంటర్‌కి పోతే "సర్వర్ డౌన్" అంటారు. ఆఫీసుకి పోయి అడిగితే "సర్వర్ బాగానే ఉంది, మీ దగ్గరే సిగ్నల్ లేదు" అంటారు. చివరి తేదీ మాత్రం ఆగదు. ఈ రెండు మాటల మధ్య మనం తిరగడం మన బ్యాచ్‌తో మొదలైంది కాదు. దానికి ముప్పై ఏళ్ళ వయసుంది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్, అంటే వీఎస్ఎన్ఎల్, మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలుపెట్టింది. మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. హైదరాబాద్ ఆ లిస్టులో లేదు. పూర్తి ఇంటర్నెట్ అకౌంట్ 250 గంటలకు 15,000 రూపాయలు, స్పీడ్ 9.6 కేబీపీఎస్. విద్యార్థులకు 500 రూపాయల అకౌంట్ ఒకటి ఉండేది గానీ అందులో బొమ్మలు రావు, నల్ల తెర మీద అక్షరాలే. ఆ స్పీడ్‌లో ఒక ఎంబీ ఫైల్ దిగాలంటే దాదాపు పావుగంట. అది కూడా మధ్యలో తెగకపోతేనే.

తెగేది. మొదటి నెలల్లో కనెక్షన్ దొరకడమే గగనం. ఇంతమంది వస్తారని సంస్థ అనుకోలేదు, మోడెములు చాల్లేదు, ఫోన్ లైన్లు పాతవి. తిట్లు ఎక్కువయ్యాక అప్పటి వీఎస్ఎన్ఎల్ ఛైర్మన్ బి.కె. సింగాల్ తప్పు జరిగిందని పత్రికల ముందు ఒప్పుకున్నారు. పై కుర్చీలో ఉన్నవాళ్ళు అలా ఒప్పుకోవడం మనం ఎంత అరుదుగా చూస్తామో ఆలోచించండి. మాకైతే ఆయన మీద గౌరవం కలిగింది.

అయితే ఒప్పుకున్నంత మాత్రాన లైన్ బాగుపడదు. ఎందుకంటే లైన్ ఆయనది కాదు. ఇల్లు దాటి, స్తంభం మీది డబ్బా దాటి, ఎక్స్ఛేంజ్ దాకా పోయే రాగి తీగ టెలికాం శాఖది. బొంబాయి, ఢిల్లీల్లో అయితే ఎంటీఎన్ఎల్‌ది. విదేశాలకు పోయే దారి వీఎస్ఎన్ఎల్‌ది. డబ్బు కూడా రెండు మీటర్ల మీద పడేది, ఇంటర్నెట్ గంటలు ఇక్కడ, ఫోన్ పల్స్ అక్కడ. కనెక్షన్ తెగితే ఇంటర్నెట్ వాళ్ళు "మీ ఫోన్ లైన్ చూపించుకోండి" అనేవాళ్ళు. లైన్‌మ్యాన్ వచ్చి రిసీవర్ చెవికి పెట్టుకుని "డయల్ టోన్ వస్తోంది, మాట వినబడుతోంది, లైన్‌కి ఏం కాలేదు" అనేవాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఫోన్ తీగ మనిషి మాట కోసం వేసింది, దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉండే ధ్వని కోసం. మోడెం చేసే పని కంప్యూటర్ అంకెలను ఆ హద్దులో పట్టే శబ్దంగా మార్చి పంపడం, అవతలి శబ్దాన్ని మళ్ళీ అంకెలు చేయడం. కలిసేముందు వచ్చే ఆ కీచు, గరగర శబ్దం రెండు మోడెములు "ఈ తీగ మీద ఎంత స్పీడ్ తట్టుకుంటాం" అని బేరమాడుకోవడం. తీగ మీద చిరపట శబ్దం ఉంటే మన చెవి సర్దుకుంటుంది. అమ్మమ్మ ఫోన్లో సగం మాటలు మింగినా మనకు అర్థమవుతుంది కదా. మోడెం అలా సర్దుకోలేదు. వాన నీళ్ళు జాయింట్‌లోకి దిగినా, తీగ తుప్పు పట్టినా మొదట స్పీడ్ తగ్గించుకుంటుంది, తర్వాత పూర్తిగా వదిలేస్తుంది. మాటకు బాగున్న లైన్ మోడెంకు పనికిరాకపోవచ్చు. ఈ సంగతి లైన్‌మ్యాన్‌కి ఎవరూ నేర్పలేదు, ఆయన దగ్గర కొలిచే యంత్రమూ లేదు.

కాబట్టి తప్పు ఎక్కడుందో నిరూపించే పని డబ్బు కట్టినవాడి మీదే పడింది. ఈ భాగం మాకు బాగా నచ్చింది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాం.

ముందు చెవితో పరీక్ష. ఫోనెత్తి ఒక్క అంకె నొక్కితే డయల్ టోన్ ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో చిరపట వినిపిస్తే లైన్‌లో దోషం ఉన్నట్టే. తర్వాత తీగ పరీక్ష. ఇంట్లో ఎక్స్‌టెన్షన్ ఫోన్లన్నీ పీకేసి, లైన్ ఇంట్లోకి దిగే మొదటి చోట మోడెంను నేరుగా తగిలించాలి. అక్కడ నిలబడితే తప్పు ఇంటి వైరింగ్‌ది, అక్కడా తెగితే తప్పు బయటిది. చాలా ఇళ్ళలో అసలు దోషి రెండో గదిలోని ఫోన్. ఎవరో తెలియక రిసీవర్ ఎత్తగానే కనెక్షన్ పోయేది. కాల్ వెయిటింగ్ బీప్ పడినా అంతే.

విండోస్ ఇచ్చే నంబర్లు ఇంకో ఆధారం. 680 అంటే డయల్ టోన్ లేదు, తీగ చూసుకో. 676 అంటే అవతల బిజీ. 678 అంటే అవతలి కంప్యూటర్ జవాబివ్వలేదు. 691 అంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ దగ్గర ఆగింది, అంటే తీగ తప్పు కాదు. కొన్ని మోడెములు మన దేశపు డయల్ టోన్‌ను గుర్తుపట్టేవి కావు. వాటికి ఏటీఎక్స్3 అనే ఆదేశం రాస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేసేవి. ఇంకో చిట్కా, స్పీడ్‌ను కావాలని తగ్గించి పెట్టడం. వేగంగా పోయి ఐదు నిమిషాలకు తెగేకన్నా నెమ్మదిగా గంట నిలబడటం మేలని చాలామంది అనుభవం మీద తెలుసుకున్నారు.

ఇంత చేశాక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి. ఏ ఫోన్ నుంచి? ఇంట్లో ఉన్నది ఒక్క లైన్. అది మోడెంకు తగిలించి ఉంది. అవతలివాడు "ఇప్పుడు కనెక్ట్ చేసి ఏమొస్తుందో చెప్పండి" అంటే ఆ మాట వినడానికే కనెక్షన్ తీసేయాలి కదా! ఫోన్ పెట్టేసి, ప్రయత్నించి, నంబర్ కాగితం మీద రాసుకుని, మళ్ళీ డయల్ చేసి, మళ్ళీ క్యూలో నిలబడి, ఈసారి ఇంకో మనిషికి కథంతా మొదట్నుంచి చెప్పాలి. లైన్ పూర్తిగా చచ్చిపోతే 198కి కంప్లైంట్ ఇవ్వడానికి పక్కింటికో ఎస్టీడీ బూత్‌కో పోవాలి. అక్కడ డాకెట్ నంబర్ ఇస్తారు, రోజులు గడిచాక "కేబుల్ ఫాల్ట్" అంటారు. ఈలోపు తెగిన ప్రతిసారీ మళ్ళీ డయల్ చేస్తే కొత్త కాల్ కిందే లెక్క. అవతలి మోడెం ఎత్తి, పాస్‌వర్డ్ దగ్గర తిరగ్గొట్టినా పల్స్ పడిపోయినట్టే. చెడ్డ లైన్ ఉన్నవాడే ఎక్కువ బిల్లు కట్టాడు.

1998 నవంబర్‌లో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచారు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కి చెందిన సత్యం ఇన్ఫోవే మొదట వచ్చినవాటిలో ఒకటి. ధరలు పడిపోయాయి, వీధి చివర నెట్ సెంటర్లు లేచాయి. కానీ ఆఖరి తీగ అదే. 2000 అక్టోబర్‌లో ఆ తీగ బీఎస్ఎన్ఎల్ చేతికి పోయింది, రెండు కౌంటర్ల మధ్య తిరుగుడు మాత్రం అలాగే ఉంది. 2001లో ట్రాయ్ డయల్-అప్‌కు నాణ్యత నిబంధనలు పెట్టింది. మొదటి ప్రయత్నంలో ఎంత శాతం కనెక్ట్ కావాలి, రెండోసారి ఎంత, మూడోసారి ఎంత అని అందులో ఉంది. మంచిదే. అయితే అవి ఇంటర్నెట్ కంపెనీ పనిని కొలిచే నిబంధనలు. స్తంభం మీద నీళ్ళు దిగిన జాయింట్ ఆ లెక్కలోకి రాదు.

మరి మన ఏజెన్సీలో? చాలా ఊళ్ళకు ఆ రాగి తీగే రాలేదు. 1990లలో కొండ ఊళ్ళకు పెట్టిన పబ్లిక్ ఫోన్లు చాలావరకు ఎంఏఆర్ఆర్ అనే రేడియో పద్ధతివి. వాటిలో మాట వినబడటమే కష్టం, తరచూ పాడయ్యేవి, తర్వాత వాటిని తీసి వైర్‌లెస్ డబ్ల్యూఎల్ఎల్ ఫోన్లు పెట్టారు. మద్రాస్ ఐఐటీలో ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం చేసిన కార్‌డెక్ట్ పద్ధతిలో ఫోన్ మాట్లాడుతూనే 35 కేబీపీఎస్ ఇంటర్నెట్ వాడుకోవచ్చు. అంటే పైన చెప్పిన ఒక్క లైన్ తలనొప్పికి మందు పల్లెల కోసం చేసిన యంత్రంలోనే ఉంది. అది మన కొండల దాకా ఎక్కువగా రాలేదు. తర్వాత సీడీఎంఏ డబ్బా ఫోన్‌కి కేబుల్ పెట్టి హ్యాష్ 777 డయల్ చేస్తే నెట్ వచ్చే కాలం నడిచింది. అదీ డయల్ చేయడమే, కాకపోతే తీగ బదులు టవర్. టవర్ కరెంట్ పోతే నెట్ పోతుంది.

2022 జులైలో కేంద్ర కేబినెట్ 4జీ లేని 24,680 ఊళ్ళకు 26,316 కోట్లతో టవర్లు పెట్టడానికి ఒప్పుకుంది. ఆ లిస్టులో మన ఊళ్ళున్నాయి. సిగ్నల్ లేదా, టవర్‌కి కరెంట్ లేదా, పోర్టల్ పనిచేయట్లేదా అని తేల్చే పని ఇంకా ఫారం నింపే పిల్లల మీదే ఉంది. మా హాస్టల్లో ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాం. తేదీ, టైమ్, ఏ పేజీ దగ్గర ఆగింది, తెర మీద ఏం మెసేజ్ వచ్చింది, అదే టైమ్‌లో వేరే సైట్ తెరుచుకుందా లేదా అని రాస్తున్నాం, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుతున్నాం. వేరే సైట్ తెరుచుకుంటే "మీ సిగ్నల్ తప్పు" అనే మాట ఇక చెల్లదు. చివరి తేదీ పొడిగించమని అడిగే అర్జీకి ఆ పేజీలే జతచేస్తాం. మీ హాస్టల్లోనూ మొదలుపెట్టండి.

డబ్ల్యూఎల్ఎల్ ఫోన్ మీద నెట్ వాడిన అన్నలు, అక్కలు, సార్లు ఈ గ్రూపులో ఉంటే ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎంతసేపు నిలబడేది, పాడైతే ఎవరికి చెప్పుకునేవారో కింద రాయండి.