పెర్ఫ్యూజన్ కణవర్ధనం: పర్యవేక్షణ, నియంత్రణ

జీవకణాలతో ఔషధ ప్రొటీన్లను విరామం లేకుండా ఉత్పత్తి చేసే పద్ధతుల్లో ముఖ్యమైనది పెర్ఫ్యూజన్ కణవర్ధనం. ఇందులో బయోరియాక్టర్‌లోకి తాజా వర్ధన యానకం నిరంతరం చేరుతుంటుంది, అంతే పరిమాణంలో పాత ద్రవం బయటికి పోతుంటుంది. ఫిల్టర్ కణాలను లోపలే ఆపి, ప్రొటీన్ ఉన్న ద్రవాన్ని వదులుతుంది. మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీకి ఎక్కువగా చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాలను వాడతారు. మధ్యమధ్యలో పోషకాలు చేరుస్తూ, ప్రొటీన్‌ను చివర్లో ఒకేసారి తీసే ఫెడ్‌బ్యాచ్ పద్ధతిలో ఒక విడత సుమారు 2 వారాల్లో ముగుస్తుంది. పెర్ఫ్యూజన్ నెల, రెండు నెలలు కూడా సాగుతుంది. రియాక్టర్‌లో ఎక్కువసేపు ఉంటే చెడిపోయే ఫ్యాక్టర్ 8 వంటి ప్రొటీన్లకు ఇది అనువైనది.

కొలతలు

ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్‌లను రియాక్టర్‌లోని సెన్సర్లు నిరంతరం చూపుతాయి. బతికున్న కణాల సాంద్రతను కెపాసిటెన్స్ ప్రోబ్‌తో అంచనా వేస్తారు. పొర చెక్కుచెదరని కణం విద్యుత్ క్షేత్రంలో చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తుంది. పొర చిరిగిన మృతకణానికి ఆ గుణం ఉండదు కనుక అది లెక్కలోకి రాదు.

కణాల ఆహారమైన గ్లూకోజ్, వాటి వ్యర్థమైన లాక్టేట్‌ల గాఢత కొలవడానికి రామన్ స్పెక్ట్రోస్కోపీ వాడతారు. అణువులపై పడి చెదిరిన కాంతిలో కొంత తరంగదైర్ఘ్యం మారుతుందని సి.వి. రామన్ 1928లో ప్రకటించిన రామన్ ఫలితమే దీనికి ఆధారం. నీటి రామన్ సంకేతం బలహీనం కాబట్టి ద్రావణాల్లో ఇది బాగా పనికొస్తుంది. అయితే వర్ణపటం నుంచి గాఢత తెలియాలంటే, ల్యాబ్ ఫలితాలతో ముందే గణిత నమూనా సిద్ధం చేసుకోవాలి.

నియంత్రణ

ఒక్కో కణానికి రోజుకు ఎంత యానకం అందుతుందన్నది కీలకం. మిల్లీలీటరుకు 5 కోట్ల కణాలుండి, ఒక్కోదానికి రోజుకు 40 పికోలీటర్లు కావాలంటే, రియాక్టర్‌లోని ద్రవానికి 2 రెట్ల యానకం రోజూ పంపాలి. కణాలు రెట్టింపైతే ఈ అవసరమూ రెట్టింపవుతుంది. అందుకే కెపాసిటెన్స్ రీడింగ్‌ను బట్టి పంపు వేగాన్ని మారుస్తారు.

సాంద్రత లక్ష్యం దాటితే కొంత ద్రవాన్ని కణాలతో సహా తీసేస్తారు. దీన్ని బ్లీడ్ అంటారు. అది ఎక్కువైతే ప్రొటీన్ వృథా అవుతుంది. తక్కువైతే కణాలు కిక్కిరిసి, ఆక్సిజన్ చాలక, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది.

సమస్యలు

వారాల తరబడి సాగే ప్రక్రియలో సెన్సర్ రీడింగ్ మెల్లగా పక్కకు జరుగుతుంది. పీహెచ్ ప్రోబ్ తప్పు చూపితే, కంట్రోలర్ ఆ తప్పునే నమ్మి ఆమ్లమో క్షారమో కలుపుతుంది. కాబట్టి బయటికి తీసిన నమూనాతో తరచూ సరిచూడాలి. ఫిల్టర్ పూడుకుపోతే ప్రొటీన్ లోపలే నిలిచిపోతుంది. పీడనం పెరగడం, రియాక్టర్‌లోనూ వడకట్టిన ద్రవంలోనూ ప్రొటీన్ గాఢతల మధ్య తేడా రావడం దీనికి గుర్తులు.

నిబంధనలు

ప్రక్రియ జరుగుతుండగానే కొలిచి సరిదిద్దే విధానాన్ని ప్రోత్సహిస్తూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఔషధ ప్రమాణాలను దేశాల మధ్య సమన్వయించే అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ నిరంతర తయారీపై రూపొందించిన క్యూ13 మార్గదర్శకం 2022 నవంబరులో ఖరారైంది. దీని ప్రకారం బ్యాచ్‌ను ఉత్పత్తి పరిమాణంతోనే కాక, తయారీ సాగిన కాలంతో కూడా నిర్వచించవచ్చు.