కేస్లాపూర్ జాతరలో దర్బారు ఎలా పుట్టింది?

1940లో ఆదిలాబాద్ ప్రాంతంలోని జోడేఘాట్ గుట్టల్లో గోండు నాయకుడు కుమ్రం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. అడవి మీద, భూమి మీద హక్కు అడిగినందుకు వచ్చిన చావు అది. తుపాకీతో గోండుల గోడు ఆగదని సర్కారుకూ తెలిసొచ్చింది. వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు వాళ్ళ బతుకును పరిశీలించే పని అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యనే ఉన్నారు. దున్నుకునే భూమికి పట్టా లేదు, అడవిలో అడుగు పెడితే సిబ్బంది వేధింపులు, ఇంట్లో షావుకారు అప్పు. ఏ గూడెంలో కూర్చున్నా ఇదే మాట.

దాన్ని అధికారుల చెవిన వేసేదెలా? అప్పట్లో గూడేలకు దారుల్లేవు. కచేరీ మెట్లెక్కి అడిగే ధైర్యం గోండులకు లేదు. కానీ ఏటా పుష్య అమావాస్యకు సర్కారు పిలవకుండానే వేల మంది ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్‌కు చేరతారు, నాగోబా జాతరకు. జనమున్న చోటికే అధికారులు రావాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1940లలో హైమన్‌డార్ఫ్ చొరవతో జాతరలో అధికారులు జనం గోడు వినే దర్బారు మొదలైంది.

ఆయన ఎంచుకున్న చోటు గొప్పది. నాగోబా మెస్రం వంశస్థుల కులదైవం. జాతర ముందు వాళ్ళు తెల్లని దుస్తుల్లో, చెప్పులు లేకుండా, జన్నారం వైపున్న హస్తినమడుగు దాకా నడిచివెళ్ళి గోదావరి జలం తెస్తారు. పూజ కుండలు సిరికొండ కుమ్మరులు చేసివ్వాలి. తిరిగొచ్చి ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. అమావాస్య రాత్రి ఆ జలంతోనే నాగోబాకు అభిషేకం. తర్వాత భేటింగ్: కొత్త కోడళ్ళు తెల్లచీరలు కట్టుకొని, ముసుగు వేసుకొని, పెద్దల వెంట దేవుడి ముందుకొస్తారు. ఆ భేటీ అయ్యాకే మెస్రం వంశంలో ఒకరిగా దేవుడి పూజల్లో పాలు పంచుకునే అర్హత వస్తుంది. గోండుల కథకులైన ప్రధాన్‌లు కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ వంశకథలు పాడతారు.

పాత కాలాన్ని మళ్ళీ కళ్ళముందు నిలిపే వేడుకలు వేరే చోట్లా ఉన్నాయి. 1963లో అమెరికాలో ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచరమ్మ, భర్త రాన్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లో పాత ఇంగ్లండు సంతను తిరిగి సృష్టించారు. ఒక రేడియో స్టేషన్‌కు నిధుల కోసం జరిపిన ఆ వేడుక రినైసెన్స్ ఫెయిర్‌గా దేశమంతా పాకింది. అక్కడ జనం ఆనాటి దుస్తులు వేసుకొని, తమది కాని కాలంలో ఒక రోజు గడిపి వస్తారు. మెస్రంలది వేషం కాదు. పూర్వీకులు నడిచిన దారినే నడిచి, తమ వంశకథను తామే మళ్ళీ జరిపిస్తారు. దర్బారు ఆ పాత కథలో లేదు. అయినా జాతర దాన్ని తనలో కలుపుకుంది. ఈ కలయికే నాకు అన్నిటికంటే విలువైనదనిపిస్తుంది.

నిజాం రాజ్యం పోయింది, జిల్లాలు మారాయి, దర్బారు మాత్రం సాగుతూనే ఉంది. కలెక్టరు, ఉట్నూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులు వచ్చి కూర్చుంటారు. గూడేల పెద్దలు లేచి పోడు పట్టాల గురించి, రోడ్ల గురించి, తాగునీటి గురించి అడుగుతారు. భీమ్ అడిగిన భూమి మాట ఇప్పటికీ ఆ అర్జీల్లో ఉంది.