రోడ్డు ఎవరి చెలకల మీంచి పోయింది? – రవాణా ప్రణాళికలు, సాగుభూమి, సర్కారు పట్టాలు

రోడ్డు వేసే ప్రతి ప్రభుత్వం ఒక మాట తప్పకుండా చెబుతుంది: సాగుభూమికి వీలైనంత తక్కువ నష్టం జరిగేలా దారి గీశామని. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ మాట ఉంటది, మంత్రుల జవాబుల్లో ఉంటది, పర్యావరణవాదుల కరపత్రాల్లో కూడా చోటు సంపాదించుకున్నది. మాట మంచిదే. ఐతే ఏ భూమిని సాగుభూమి అన్నారు, ఏ భూమిని అనలేదు, ఆ పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉన్నది అని అడగకుండా దీన్ని ఒప్పుకుంటే, పట్వారీ రాసిందే నిజమని ఒప్పుకున్నట్టే. హైదరాబాదు చుట్టూ వేసిన, వేయతలపెట్టిన రింగు రోడ్ల అనుభవం నుంచి మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. సాగుభూమిని తప్పించామన్న చోట చాలాసార్లు తప్పించింది పట్టాదారు మాగాణిని. దాని బదులు రోడ్డు కిందికి పోయింది మాల మాదిగల లావుణి చెలక.

తెలంగాణలో ఏ ఊరి నక్ష తీసి చూసినా ఈ సంగతి కొంత తెలుస్తది. చెరువు, చెరువు కింద తరి, దాని పక్కన ఊరు. ఊరికి ఎడంగా వాడ. వాడ దాటినంక రాళ్ల భూమి, గుట్ట బోరు, పశువులు మేసే గైరాను. ఈ రెండో భాగానికి రికార్డులో ఉన్న పేర్లు చూడండి: ఖారిజ్ ఖాతా, బిళ్లదాఖలా, కంచె, శిఖం, పోరంబోకు. ఈ పేర్లన్నిటికీ ఇంజనీరు చేతికొచ్చేసరికి ఒకటే అర్థం మిగులుతుంది: ఖాళీ. అక్కడ కందులు, ఆముదాలు పండించుకునే మనిషి, మేకలు మేపే పిల్ల, చెరువు నీళ్లు తగ్గినప్పుడు శిఖంలో కాస్త పెసర చల్లుకునే ముసలమ్మ ఆ మాటలో కనపడరు. చెరువు నీళ్లు మళ్లించే నీరడికి, ఊరి కావలి కాసే సేత్‌సింధీకి చాకిరీ బదులు ఇచ్చిన ఇనాం చెక్కలు కొన్ని ఉండేవి. ఆ చెక్కలు కూడా కొలువును అంటిపెట్టుకున్నవే. కొలువు పోతే భూమి మీద హక్కు ఏమిటన్నది ఎప్పుడూ తగాదానే.

రవాణా కోసం పెద్ద ఎత్తున భూమి తీసుకోవటం మన ప్రాంతంలో రైలుతో మొదలైంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1889 నాటికి బెజవాడ దాకా నిజాం రైలు నడిచింది. ఈ రైలు చరిత్ర రాసినవాళ్లు ఇంజన్ల గురించీ, బొగ్గు గురించీ, లండన్‌లో ఎత్తిన పెట్టుబడి గురించీ చాలా రాశారు. కట్ట మట్టి ఎవరు మోశారన్నది అరుదుగా రాశారు, ఆ మట్టి ఎవరి నేల నుంచి తవ్వారన్నది దాదాపు రాయనే లేదు. కట్ట పొడుగునా రెండు పక్కలా మట్టి తవ్విన గుంటలు ఇప్పటికీ కనబడతాయి. ఆ గుంటల్లో మళ్లీ సాగు లేదు. బ్రిటిష్ ఇలాకాలో 1876–78 కరువులో తిండి గింజల కోసం కాలువ తవ్విన, కంకర కొట్టిన గుంపుల్లో భూమిలేని అంటరాని కులాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. దారి వేసిన చేతులకు దారి పక్కన భూమి లేకపోవటం ఆనాటి నుంచీ ఉన్నదే.

మరి దళితుల చేతికి ఆ కాస్త భూమి ఎట్లా వచ్చింది? మద్రాసు రాజధానిలో 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్హీర్ పరయాల స్థితి మీద నివేదిక రాశాడు. దాని తర్వాతే బంజరు భూముల్లో కొంత అణగారిన కులాలకు ఇవ్వాలన్న విధానం మొదలైంది. ఆంధ్ర ప్రాంతంలో అది డి-ఫారం పట్టాగా, తెలంగాణలో లావుణి పట్టాగా మన తాతలకు తెలుసు. తెలంగాణకు సంబంధించి 1958లో వచ్చిన 1406 నంబరు జీవో ఈ పంపకానికి ఆధారమైంది. 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చింది. పేదవాడి భూమిని దొర కొనకుండా ఆపటం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని మేము తక్కువ చేయం. ఐతే అదే చట్టంతో ఇంకో సంగతి కూడా స్థిరపడింది. అమ్ముకోలేని, సర్కారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల భూమి కాబట్టి ఇది దళితుడి సొంతం కాదు, సర్కారు దయ అనే భావం ఆఫీసుల్లో పాతుకుపోయింది. పట్టా కాగితం మీదే షరతు ఉండేది: ప్రజా ప్రయోజనానికి కావలసి వస్తే నష్టపరిహారం లేకుండా వాపసు తీసుకుంటాం. మన వాడల్లో ఆ కాగితం చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉండిరి?

దీని ఫలితం ఖజానా లెక్కలో స్పష్టంగా కనపడుతుంది. 1894 భూసేకరణ చట్టం కింద పట్టా భూమి తీసుకుంటే మార్కెట్ ధర కట్టాలి, దాని మీద సొలేషియం కట్టాలి, రైతు కోర్టుకు పోతే వడ్డీ కట్టాలి. అసైన్డ్ భూమికి ఇవేమీ లేవు. రెండు దారులు మ్యాపు మీద పక్కపక్కన పెట్టుకున్న అధికారి ఏది ఎంచుకుంటాడు? అతనికి కులద్వేషం ఉండనవసరం లేదు. లెక్క చాలు. 1993లో 1307 నంబరు జీవోతో ప్రభుత్వం ఇటువంటి భూములకు కూడా మార్కెట్ ధరతో సమానంగా ఇస్తామన్నది. కాని దానికి పెట్టిన పేరు ఎక్స్‌గ్రేషియా, అంటే మెహర్బానీ. మెహర్బానీ తక్కువైందని కోర్టుకు పోలేం కదా. 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ షరతు చెల్లదనీ, అసైనీకి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం హక్కుగా రావాలనీ తీర్పు చెప్పింది. మన ఉద్యమాలు ఈ తీర్పును తగినంతగా వాడుకోలేదని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. వంద మీటర్ల వెడల్పు రోడ్డు ఒక కిలోమీటరు పోతే పది హెక్టార్లు, అంటే సుమారు ఇరవై ఐదు ఎకరాలు కావాలి. ఆ కిలోమీటరు ఒక పెద్ద రైతు కమతంలోంచి పోయిందనుకుందాం. నష్టపోయేది ఒక కుటుంబం. దానికి వేరే చోట భూమో, పట్నంలో ప్లాటో, కాంట్రాక్టో ఉంటది. అదే కిలోమీటరు తలా ఎకరం లావుణి ఉన్న చెలకల్లోంచి పోయిందనుకుందాం. ఇరవై ఐదు ఇళ్లు పూర్తిగా భూమి లేనివైతాయి. ప్రాజెక్టు రిపోర్టులో రెండు కిలోమీటర్లకూ పడే అంకె ఒకటే, ఇరవై ఐదు. ఇంకా చెప్పాలంటే రెండోది మెరుగైన దారిగా కనపడుతుంది, ఎందుకంటే మొదటిది రెండు పంటల తరి, రెండోది వర్షాధారపు ఖుష్కి. సాగుభూమి నష్టాన్ని ఎకరాల్లో, దిగుబడిలో మాత్రమే కొలిచినంత కాలం తక్కువ నష్టం ఉన్న దారి దళితుల వైపే వంగుతది.

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు సంగతి చూద్దాం. 158 కిలోమీటర్లు, దాదాపు 150 మీటర్ల వెడల్పు. గచ్చిబౌలి–శంషాబాదు ముక్క 2008లో తెరిచారు, మొత్తం పూర్తయ్యేసరికి 2018 వచ్చింది. పలుకుబడి ఉన్నవాళ్ల భూములు తప్పించటానికి దారి మార్చారన్న ఆరోపణలు అప్పుడే బహిరంగంగా వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2007లో, 1977 చట్టాన్ని సవరించారు. షరతులు తప్పాయని వాపసు తీసుకున్న భూమిని, ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో, మళ్లీ పేదలకు కాకుండా ప్రజా ప్రయోజనానికి వాడుకోవచ్చన్నారు. అంటే దళితుడి దగ్గర అగ్గువకు గుంజుకున్నవాడి నుంచి వాపసు వచ్చిన భూమి కూడా దళితుడికి చేరనవసరం లేదు. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూకమిటీ పేదల భూమి హక్కుల గురించి అంత చెప్పిన తర్వాత ఈ సవరణ వచ్చిందని గుర్తుంచుకోవాలి.

రోడ్డు కిందికి పోయిన భూమి ఒకటే కాదు. 2008లో ఔటర్‌కు ఇరువైపులా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్‌గా ప్రకటించారు. రోడ్డు వెడల్పుతో హెచ్చిస్తే వచ్చేది ఆరు వేల ఎకరాల లోపు. కారిడార్‌ది డెబ్బై ఎనిమిది వేల ఎకరాలకు దగ్గర, అంటే పదమూడింతలు. అందులో అంతా సాగుభూమి కాదు, చెరువులూ గుట్టలూ కాలనీలూ ఉన్నాయి. ఐనా సాగుభూమి నష్టం లెక్కలో మొదటి అంకె మాత్రమే వేసి రెండోదాన్ని వదిలేయటం లెక్క కాదు. రోడ్డు ఒక చెలకను రెండు ముక్కలు చేస్తే అవతలి ముక్కకు ఎడ్లను తోలుకొని అండర్‌పాస్ దాకా నడిచి పోవాలి. కొద్ది రోజులకు ఆ ముక్క పడావు పడుతది, ఆ తర్వాత బేరగాడు వస్తడు. ఎత్తైన కట్ట గొలుసుకట్టు చెరువుల మధ్య కాలువకు అడ్డం పడితే కింది చెరువు నిండదు. ఆయకట్టు చివర ఉండేది ఎవరి మడులో మనకు వేరే చెప్పనక్కర లేదు.

2013 చట్టం వచ్చినప్పుడు చాలామంది సంతోషపడ్డారు. మేమూ పడ్డాం. అసైన్డ్ భూమి ఉన్నవాళ్లను, మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారును, కూలీని కూడా నష్టపోయిన కుటుంబంగా గుర్తించిన చట్టం అది. ఐతే దాని పదో సెక్షన్ చూడండి. తరి భూమిని, అదీ ఒకటి కంటే ఎక్కువ పంటలు పండేదాన్ని, చివరి మార్గంగా తప్ప తీసుకోరాదన్నది. తీసుకుంటే దానికి బదులు అంతే విస్తీర్ణంలో సాగుకు పనికొచ్చే బంజరును అభివృద్ధి చేయాలన్నది. ఆ బంజరు ఎక్కడుంది? వాడ అవతలే. పైగా అదే సెక్షన్ చివర్లో రైల్వేలు, హైవేలు, కాలువలు వంటి పొడవాటి ప్రాజెక్టులకు ఈ నియమం వర్తించదని రాశారు. సాగుభూమిని కాపాడే సెక్షన్ రోడ్డు దగ్గరికొచ్చేసరికి పక్కకు తప్పుకున్నది. జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూమికి సామాజిక ప్రభావ అంచనా కూడా లేదు. సర్వే నంబర్లు గెజిట్‌లో, పేపర్లో పడిన నాటి నుంచి ఇరవై ఒక్క రోజులు, అంతే.

ఆ ఇరవై ఒక్క రోజుల్లో అభ్యంతరం చెప్పాలంటే కాగితంలో పేరుండాలి. పాత పహాణీలో పట్టాదారు పేరు ఒక కాలంలో, నిజంగా దున్నేవాడి పేరు ఇంకో కాలంలో రాసేవాళ్లు. ఆ రెండో కాలం ఎంత అబద్ధాలతో నిండినా అది మనకు ఒక ఆధారం. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళన తర్వాత, 2020లో వచ్చిన ధరణిలో ఆ కాలాన్నే ఎత్తేశారు. సాదాబైనామా మీద కొన్నవాళ్లు, కౌలుకు చేసేవాళ్లు ఆ రికార్డు నుంచి మాయమయ్యారు. ధరణి స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చింది. మధ్యలో జారిపోయిన ఏళ్ల అనుభవం దానంతటది కాగితం మీదికి రాదు.

రోడ్డే వద్దని మేము అనటం లేదు. పల్లె అజ్ఞానపు గుంట అన్న అంబేద్కర్ మాట మనకు తెలుసు. బస్సు రాని ఊళ్లో దొర మాటే చట్టం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం రోడ్డెక్కే పోయింది. రోడ్డును దళితుడికి వ్యతిరేకంగా నిలబెట్టి పల్లె పచ్చదనాన్ని పాడుకునే పర్యావరణవాదంతో మాకు పేచీ ఉన్నది. పట్టాదారుల రైతు సంఘాలతో కూడా ఉన్నది: దారి మా పొలంలోంచి కాదు, పక్కనున్న సర్కారు భూమిలోంచి పోనీయండి అన్న డిమాండు ఎవరి నోట్లో మట్టి కొడుతున్నదో ఆ నాయకులు ఆలోచించాలి.

సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్‌కు గీసిన రీజినల్ రింగు రోడ్డు ఉత్తర భాగం మీద ఆందోళనలు చాలా జరిగాయి. 2023లో రాయగిరి రైతులను బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. రెండు భాగాలూ కలిపి మూడువందల కిలోమీటర్ల పైచిలుకు ఉండే ఈ దారిలో, ఇంకా ఇటువంటి ఏ దారిలోనైనా, నోటిఫికేషన్ కంటే ముందే మన కార్యకర్తలు ప్రతి ఊళ్లో తీయాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. 1954–55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి చెస్సలా, ధరణికి ముందటి పదేళ్ల పహాణీలు, తహసీలు ఆఫీసులోని అసైన్‌మెంట్ రిజిస్టరు, ఊరి నక్ష, టిప్పన్. నక్ష మీద ప్రతి లావుణి చెక్కకూ ఇంటి పేరుతో సహా గుర్తు పెట్టాలి, కూలికి పోయే ఆడవాళ్లను అడిగి ఏ పొలంలో ఏడాదికి ఎన్ని రోజుల పని దొరుకుతుందో రాసుకోవాలి. ప్రభుత్వం చూపించే రెండు మూడు దారులను ఆ నక్ష మీద గీసి, ఒక్కో దారిలో ఎన్ని ఎకరాలు అన్న కాలం పక్కన ఎన్ని ఇళ్లు అన్న కాలం తెరవాలి. ఒక మండలాఫీసులో అసైన్‌మెంట్ రిజిస్టరు అడిగితే మాకు చెదలు పట్టిందన్న జవాబు వచ్చింది. సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడిగితే రెండు నెలలకు నకలు ఇచ్చారు. అందుకే నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే అడగటం మంచిది.